జనవరి ఆరున పుట్టినవాళ్లు

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ లాగాలో ఇప్పటికీ తడబడతాను. యాభై దాటాక పలక పట్టినదాన్ని. ఒక పేజీకి ఒక పూట పడుతుంది. ఈ కథ రంజాన్‌కి మొదలుపెడితే బక్రీదుకి అయింది. గల్ఫులో నాతో పాటు పనిచేసిన రాహేలమ్మ చెప్పింది చెప్పినట్టే రాయాలని చూశాను. ఆసుపత్రి పేరూ కంపెనీ పేరూ రాయలేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

సౌదీలో, అల్ ఖోబర్‌లో, సముద్రానికి రెండు వీధుల ఇవతల ఉంది ఆ ఆసుపత్రి. నాలుగో అంతస్తు ఆడవాళ్ల వార్డు. పద్దెనిమిదేళ్లుగా ఆ వార్డు నేల తుడిచేది రాహేలమ్మ. ఊరు కృష్ణా జిల్లా నాగాయలంక దగ్గర. భర్త పోయి తొమ్మిదేళ్లయింది. ఒక్కతే కూతురు షారోన్, విజయవాడలో నర్సింగు చదువుతోంది. ఇంకా రెండేళ్లు చదవాలి. ఆ రెండేళ్లూ తను ఇక్కడుంటే చాలు, ఆ తర్వాత చీపురు పారేసి ఇంటికెళ్లిపోతానని వారానికోసారైనా అనేది.

ఆ వార్డులో పద్నాలుగు మంది నర్సులుంటే తొమ్మిది మంది ఫిలిప్పీన్స్ వాళ్లు. వాళ్ల హెడ్ నర్సు మారిసెల్ పొట్టి మనిషి, గొంతు మాత్రం కారిడార్ చివరి దాకా వినబడుతుంది. కౌంటర్ వెనక గోడకి పెద్ద తెల్లబోర్డు ఉంది. అందులో సగం మంచాల నంబర్లకి. మిగతా సగం మారిసెల్‌ది. పొద్దున రాగానే నీలం పెన్నుతో ఆ రోజు తేదీ వేసి, అదే తేదీన వాళ్ల దేశంలో ఏ గొప్పవాళ్లు పుట్టారో, ఏం జరిగిందో రెండు లైన్లు రాస్తుంది. డ్యూటీకి వచ్చిన వాళ్లు రిపోర్టు తీసుకునే ముందు అది పైకి చదవాలి. చదవకుండా ఫైలు పట్టుకున్నవాళ్లు ఆ రోజు అందరికీ టీ తేవాలి. మనవాళ్లకీ ఇదే రూలు. అందుకే భీమవరం నుంచి వచ్చిన షాలినికి వాళ్ల రిజాల్ జూన్ పంతొమ్మిదిన పుట్టాడని తెలుసు, లాపులాపు మాగెల్లాన్ మనుషులతో పోరాడింది ఏప్రిల్ ఇరవై ఏడని తెలుసు. మన గాంధీగారి పుట్టినరోజు అడిగితే మాత్రం అది సెలవు రోజని చెప్పేది.

రాహేలమ్మకి చదవడం రాదు. అంకెలు మాత్రం వచ్చు, గదుల నంబర్లు గుర్తుపట్టాలి కనుక. డ్యూటీ దిగేముందు బోర్డులో మారిసెల్ సగాన్ని తుడిచేది ఆమే.

"ఏంటి ఆతే, మా వీరులందర్నీ ఒక్క గుడ్డతో తుడిచేస్తున్నావు" అని మారిసెల్ వేళాకోళం చేసేది. ఆతే అంటే వాళ్ల భాషలో అక్క.

"రేపు మళ్లీ కొత్త వీరులొస్తారుగా సిస్టర్. చోటు కావద్దూ?" అనేది రాహేలమ్మ. కాస్త హిందీ, కాస్త అరబ్బీ, మిగతాది ఇంగ్లీషు కలిపి వాళ్లిద్దరూ ఎంతసేపైనా మాట్లాడుకోగలరు.

ఈ ఏడాది జనవరిలో మారిసెల్ బోర్డుకి ఇంకో లైను కలిపింది. కొత్త బ్యాడ్జీల కోసం శుభ్రం చేసేవాళ్ల లిస్టు కంపెనీ నుంచి ఆమె దగ్గరికి వచ్చింది. అందులో అందరి పుట్టిన తేదీలూ ఉన్నాయి. వీరులతో పాటు వార్డు మనుషుల పుట్టినరోజులు కూడా రాద్దామనుకుంది.

జనవరి ఆరు, మంగళవారం. రాహేలమ్మ నాలుగు వందల పన్నెండో గది తుడిచి, బకెట్టు తోసుకుంటూ బయటికొచ్చింది. కౌంటర్ దగ్గర నర్సులందరూ వరసగా నిలబడి ఉన్నారు. ఎవరైనా పెద్ద డాక్టరు వస్తున్నాడేమోనని ఆమె గోడవారగా తప్పుకుంది. ఒక్కసారిగా అందరూ చప్పట్లు కొట్టి పాట అందుకున్నారు. కౌంటర్ మీద తెల్లటి కేకు, దాని మీద రెండు మైనపు అంకెలు. ఒకటి ఆరు, పక్కన సున్నా.

అరవై. అరవయ్యో నంబరు మంచం ఈ వార్డులో లేదే అనుకుంది రాహేలమ్మ.

"ఎవరికమ్మా?" అని షాలినిని అడిగింది.

"మీకే ఆంటీ! ఇవాళ మీ పుట్టినరోజు. చూడండి, బోర్డు మీద ఉంది." షాలిని వేలుతో చూపిస్తూ చదివింది. "జనవరి ఆరు. పద్దెనిమిది వందల పన్నెండులో మెల్చోరా అకీనో పుట్టిన రోజు. దాని కింద, పంతొమ్మిది వందల అరవై ఆరు, మన రాహేలు పుట్టిన రోజు. అరవై నిండాయి."

మారిసెల్ ముందుకొచ్చి రాహేలమ్మ భుజం చుట్టూ చెయ్యి వేసింది. "నీకు ఎవరితో కలిసిందో తెలుసా ఆతే? మేం ఆమెని టాండాంగ్ సోరా అంటాం. సోరా ముసలమ్మ. విధవరాలు, చిన్న కొట్టు నడుపుకునేది. స్పెయిన్ వాళ్ల మీద మావాళ్లు తిరగబడినప్పుడు ఆమెకి ఎనభై నాలుగేళ్లు. గాయాలతో వచ్చినవాళ్లకి అన్నం పెట్టింది, కట్లు కట్టింది. తెల్లవాళ్లు పట్టుకుని దూరం దీవికి పంపేస్తే, తిరిగొచ్చి నూట ఏడేళ్లు బతికింది. నీ అరవై ఎంత! ఊదు, ఊదు!"

రాహేలమ్మ ఊదలేదు. మాపు కర్ర చేతిలోంచి జారి బకెట్టు మీద పడింది. నీళ్లు తొణికి అందరి తెల్లబూట్ల మీదా చిందాయి.

"నాకు అరవై ఏంటి షాలినమ్మా?" తెలుగులో అంది. "నాకు నలభై ఎనిమిది. దివిసీమ ఉప్పెనప్పుడు పుట్టానని మా అమ్మ వందసార్లు చెప్పింది."

"ఊరుకోండి ఆంటీ" అని షాలిని నవ్వుతూనే చెయ్యి నొక్కింది. "ఇన్నేళ్లు దాచారు, ఇప్పుడు బయటపడింది. అరవై అంటే నేనూ నమ్మలేదు. ఏం నూనె రాస్తారో మాకూ చెప్పండి."

వయసు బయటపడ్డందుకు సిగ్గుపడుతోందనుకుని అందరూ ఇంకా నవ్వారు. సరిగ్గా అప్పుడే మస్తాన్ వలీ వచ్చాడు. శుభ్రం చేసేవాళ్ల మీద సూపర్‌వైజరు అతను, కడప వైపు మనిషి. కేకు ఉందని తెలిస్తే ఏ అంతస్తుకైనా మెట్లెక్కి వస్తాడు. ఒక ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుని, మైనపు అంకెల వంక చూసి నమలడం ఆపేశాడు.

"ఇది ఎవురిది?" అన్నాడు.

"నాదేనంట వలీ గారూ" అంది రాహేలమ్మ.

అతను నోట్లోది మింగలేక మింగి, "నువ్వు ఇట్ల రామ్మా" అని ఫినాయిలు సీసాలుండే గదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేశాడు.

"నీకు అరవై అని నాకెందుకు చెప్పలేదు?"

"నాకే తెలీదండీ! నాకు నలభై ఎనిమిది!"

"నీ నోటి మాట ఎవురికి కావాల? ఇకామా మీద ఏముందో అదీ లెక్క. నేనూ మోసపోయినా. మనిషి నలభై అయిదేండ్లదాని మాదిరి ఉండాది గదా అని ఏ పొద్దూ తేదీ సూడలా." ఇకామా అంటే సౌదీలో ఉండనిచ్చే కార్డు. వలీ తల పట్టుకున్నాడు. "అరవై నిండినోళ్లకి మన కంపెనీ ఇకామా తిరిగి రాయించదమ్మా. ఫైనల్ ఎగ్జిట్టు కొట్టి ఇంటికి పంపిస్తాది. నీది వచ్చే నెల పదిహేనుతో అయిపోతాది."

ఇంటికి పంపిస్తారు. ఆ మాట ఆమె చెవిలో పడింది గాని లోపలికి దిగలేదు. నలభై రోజులు. షారోన్‌కి ఇంకా రెండేళ్లు.

"మీరేదైనా చెయ్యలేరా?"

"ఒకే దోవ ఉండాది. వయసైనా ఒళ్లు గట్టిగా ఉండాదని మెడికల్లో రాసిస్తే రెండేండ్లు పొడిగిస్తారు. ఆదివారం కింద స్టాఫ్ క్లినిక్కుకి పో. గమ్మున పరీక్షలు చేయించుకో. ఉప్పెన గిప్పెన అని యాడా నోరు తెరవద్దు. పాస్‌పోర్టులో తప్పుడు తేదీ అని తెలిస్తే ఎగ్జిట్టు కాదు, జైలు. అర్థమాయెనా?"

అర్థమైంది. అర్థం కానిది ఒక్కటే. ఆ తేదీ ఎక్కడిది? ఏజెంటు ఏదో ఒకటి వేసుంటాడనే ఇన్నాళ్లూ అనుకుంది. కాని ఏదో ఒకటి వేసేవాడు పన్నెండేళ్లు ఎందుకు పెంచుతాడు?

శుక్రవారం సెలవు. గదిలో మిగతావాళ్లు బజారుకెళ్లారు. రాహేలమ్మ మంచం మీద కూర్చుని కొర్నేలు బాబాయికి ఫోను చేసింది. నాన్న తమ్ముడు ఆయన. ఎనభైకి దగ్గరపడ్డాడు. అప్పట్లో పాస్‌పోర్టు పనంతా ఆయనే చూశాడు.

"ఏమ్మా రాహేలూ, బాగున్నావా? షారోను మొన్న పండక్కి వచ్చెళ్లింది" అన్నాడు. వెనకాల రొయ్యల చెరువు మోటారు చప్పుడు వినబడుతోంది.

"బాబాయ్, నా పాస్‌పోర్టులో పుట్టిన తేదీ ఎవరిచ్చారు?"

"అదెందుకిప్పుడు?"

"చెప్పు బాబాయ్."

"ముప్పై నిండందే ఆడవాళ్లని గల్ఫుకి పంపమన్నారు గదా. నీకు ఇరవై తొమ్మిది. అందుకని ఏజెంటు ముప్పై దాటినట్టు ఏదన్నా కాగితం తెమ్మన్నాడు. బడి కాగితం తెచ్చిచ్చాను."

"నేను బడి మొహం చూడలేదుగా బాబాయ్."

మోటారు చప్పుడు ఒక్కటే. లైను తెగిందేమోనని ఆమె రెండుసార్లు "బాబాయ్, బాబాయ్" అంది.

"నువ్వు వెళ్లలేదమ్మా" అన్నాడు కొర్నేలు చివరికి. "రాహేలు వెళ్లింది."

"నేనేగా రాహేలుని!"

"నువ్వు రెండో రాహేలువి."

ఆమెకి నవ్వొచ్చింది. ముసలాయనకి మతి తప్పిందనుకుంది. ఆయన చెప్పుకుపోతుంటే ఆ నవ్వు మొహం మీద అలాగే ఆగిపోయింది.

"మీ అమ్మానాన్నల మొదటి పిల్ల. ఎర్రగా, పొడుగ్గా ఉండేది. అవనిగడ్డలో మిషను హాస్టల్లో ఉండి చదువుకునేది. శని ఆదివారాలు సెలవని శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చింది. శనివారం ఉప్పెన. ఆ వారం రాకుండా ఉంటే బతికేది, హాస్టలు మేడ కదా. మీ అమ్మకి నువ్వు కడుపులో నిండు నెలలు. నీళ్లు మీదికొచ్చేసరికి ఇద్దరూ ఇంటి కప్పు పట్టుకున్నారు. కప్పు కొట్టుకుపోయి తుమ్మచెట్టుకి తగులుకుంది. పిల్ల చెయ్యి మీ అమ్మ చేతిలోనే ఉందమ్మా. చాలాసేపు ఉంది. తెల్లారే లోపల ఎప్పుడో జారిపోయింది. పదకొండేళ్లు దానికి."

రాహేలమ్మ ఫోను రెండో చెవికి మార్చుకుంది.

"అయిదో రోజున బడి వరండాలో, బియ్యం బస్తాల వెనక నువ్వు పుట్టావు. మీ అమ్మ నిన్ను చూసి 'రాహేలు వచ్చింది' అంది. అంతే, ఇక మొదటి పిల్ల మాట ఎత్తనివ్వలేదు. ఇద్దరు రాహేళ్లున్నారని ఎవరన్నా అంటే ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా తాగేది కాదు. అందరం ఒట్టు పెట్టుకున్నాం. ముప్పై ఏళ్ల తర్వాత నీకు కాగితం కావాల్సొస్తే, హాస్టలు బీరువాలో దాని కాగితం ఉంది. అదే పేరు, అదే తండ్రి పేరు. మీ అమ్మకి చెప్పకుండా తెచ్చాను. తప్పే. క్షమించమ్మా."

ఫోను పెట్టేశాక రాహేలమ్మ తన ఎడమ మణికట్టు వంక చూసుకుంది. అమ్మ ఎప్పుడూ చెయ్యి పట్టుకునేది కాదు. మణికట్టు పట్టుకునేది, ఎర్రగా గుర్తులు పడేలా. పెళ్లయి కడుపుతో ఉన్నప్పుడు కూడా కాలవ దాటాలంటే అలాగే పట్టుకునేది. "వదులమ్మా, పిల్లనేంటి నేను" అని ఎన్నిసార్లు విసుక్కుందో. ఇప్పుడా విసుగు గుర్తొచ్చి, కుడిచేత్తో ఆ మణికట్టు తనే గట్టిగా పట్టుకుంది. సాయంత్రం గదిలోవాళ్లు తిరిగొచ్చి లైటు వేసేదాకా అక్కడే, అలాగే కూర్చుంది.

ఆదివారం స్టాఫ్ క్లినిక్కులో డ్యూటీ మారిసెల్‌దే. హెడ్ నర్సులు వంతులవారీగా చేస్తారు. రాహేలమ్మని చూడగానే మొహం విప్పారింది.

"రా ఆతే! నిన్ను రెండేళ్లు కాదు, సోరా ముసలమ్మలా నూట ఏడు దాకా ఉంచుతాను." రక్తపోటు చూసింది, బరువు చూసింది. "నా కంటే బాగున్నావు. సరే, ఫారం నింపుదాం. బీపీ లేదు, షుగర్ లేదు. నెలసరి ఆగిపోయి ఎన్నేళ్లయింది?"

రాహేలమ్మ మనసు ఇంకా తుమ్మచెట్టు దగ్గరే ఉంది. అడిగినదానికి ఉన్నది చెప్పేసింది. "ఆగడమేంటి సిస్టర్. మొన్న బుధవారమేగా."

పెన్ను ఆగింది. మారిసెల్ తలెత్తి చూసింది.

"ఏమొచ్చింది బుధవారం?"

"నెల నెలా వచ్చేదే."

"నెల నెలానా? నీకు అరవై ఏళ్లు!" మారిసెల్ లేచి తలుపు వేసింది. ఎప్పుడూ కారిడార్ చివరి దాకా వినబడే గొంతు గుసగుసలా తగ్గింది. "ఎన్నాళ్ల నుంచి? ఎవరికీ ఎందుకు చెప్పలేదు? ఈ వయసులో రక్తం పోతోందంటే... ఆతే, నేను నిన్ను భయపెట్టకూడదు. కాని అది కాన్సర్ కావచ్చు. ఇవాళే స్కానింగు. ముక్క తీసి పరీక్షకి పంపాలి. అవసరమైతే గర్భసంచి తీసేస్తారు."

మాట్లాడుతూనే ఫోనెత్తి షాలినిని కిందికి పిలిచింది, స్కానింగు వాళ్లకి చెప్పింది, ఇంకో ఫారం లాగింది. షాలిని పరుగున వచ్చి సంగతి విని, "అయ్యో ఆంటీ" అని ఏడుపు మొహం పెట్టింది.

రాహేలమ్మ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. నోరు మూసుకుంటే లేని జబ్బుకి కత్తి పెడతారు, ఒంట్లో బాగాలేదని రాసి ఇంటికి పంపేస్తారు. నోరు తెరిస్తే జైలని వలీ చెప్పాడు.

"ఆపండి సిస్టర్" అంది. "నాకు జబ్బు లేదు. అరవై ఏళ్లు లేవు."

చెప్పింది. మొదట ముక్కలు ముక్కలుగా చెప్పింది. తర్వాత తెలుగులో ఆగకుండా చెబుతుంటే షాలిని ఇంగ్లీషులోకి మారుస్తూ వచ్చింది. హాస్టలు కాగితం దగ్గరికి వచ్చేసరికి షాలిని మార్చడం మర్చిపోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వింటూ ఉండిపోయింది. మారిసెల్ "ఏమంది? ఏమంది?" అని ఆమెని కుదిపింది.

అంతా విన్నాక మారిసెల్‌కి ముందు వచ్చింది కోపం.

"పద్నాలుగేళ్లుగా ఆ బోర్డు రాస్తున్నాను. ఒక్క తేదీ తప్పు పోలేదు. నా బోర్డు మీద అబద్ధం రాయించావు!"

"అబద్ధం కాదు సిస్టర్" అంది రాహేలమ్మ. "ఆ రోజున రాహేలు పుట్టింది. అది నేను కాదంతే."

మారిసెల్ కుర్చీలో కూలబడింది. బయట ఎవరో తలుపు కొట్టి వెళ్లిపోయారు.

"నవంబరు ఎనిమిదిన నా బోర్డు మీద ఏముంటుందో నీకు గుర్తుందా?" అని అడిగింది మారిసెల్.

"ఏముండదు. ఒట్టి తేదీ. ఆ రోజు తుడవడానికి కూడా ఏముండదు."

"మాది లేతే దీవి. రెండు వేల పదమూడులో తుఫాను వచ్చింది ఆ రోజే. సముద్రం ఇళ్ల మీదికొచ్చింది. మా పిన్ని కూతురు ఇప్పటికీ దొరకలేదు. అప్పుడు నేను ఇక్కడే, ఈ ఆసుపత్రిలోనే డ్యూటీలో ఉన్నాను. ఆ రోజు గురించి రెండు లైన్లు రాయడం నాకు చేతకాదు." కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి ముక్కు చీదుతూ నవ్వింది. "నాకు యాభై రెండు. ఇన్నేళ్లూ నా చేత ఆతే అనిపించుకున్నావు, దొంగా! నేనే నీకు ఆతేని."

తర్వాత ఫారం ముందుకు లాక్కుంది. నవ్వు పోయింది.

"విను. నేను నర్సుని, అబద్ధం రాయను. అరవై అని రాసి నెలసరి వస్తోందని రాస్తే నిన్ను కొయ్యాలి. నెలసరి రావడం లేదని రాస్తే నా ఉద్యోగం పోతుంది. నీ వయసు నలభై ఎనిమిది అంటున్నావని రాస్తే పాస్‌పోర్టు సంగతి బయటికొస్తుంది. నువ్వే చెప్పు. నువ్వు చెప్పిందే రాస్తాను."

"ఆంటీ, ఆలోచించి చెప్పండి" అంది షాలిని. "షారోను చదువు ఉంది. జైలంటే మాటలు కాదు."

రాహేలమ్మ ఆలోచించింది. మేడ మీద హాస్టలు, బీరువాలో ఒక కాగితం. తడవకుండా మిగిలింది ఆ పిల్లదంటూ అదొక్కటే. ఆ పిల్లని తెచ్చి తను పద్దెనిమిదేళ్లు చీపురు పట్టించింది. పదకొండేళ్ల పిల్లని అరవై ఏళ్ల ముసలిదాన్ని చేసి, ఇప్పుడు ఇంటికి కూడా గెంటిస్తోంది.

"నాది రాయండి" అంది. "ఉప్పెన అయిన అయిదో రోజు. ఆ తేదీ వేసుకోండి."

షాలిని లెక్కపెట్టి చెప్పింది. మారిసెల్ రాసింది. పుట్టిన తేదీ పాస్‌పోర్టు ప్రకారం ఇది, మనిషి చెబుతున్నది ఇది, నెలసరి మామూలుగా ఉంది, జబ్బు ఏదీ లేదు. పక్క గదిలో డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితాలు వచ్చాక వాటిని ఒకసారి చూసి, ఫారం కింద పచ్చముద్ర గుద్దింది. పనికి తగిన ఆరోగ్యం ఉందని.

మర్నాడు ఆ కాగితం పట్టుకుని మస్తాన్ వలీతో కంపెనీ ఆఫీసుకెళ్లింది. దారిలో విషయం విన్న వలీ టాక్సీలోనే నెత్తి బాదుకున్నాడు. "సెప్పినా గదమ్మా నోరు తెరవద్దని! నన్ను కూడా లోపలేస్తారు! నాకు ముగ్గురు బిడ్డలు!"

"మీకేం తెలీదని చెబుతాను. మీరు బయట నిలబడండి."

"బయట నిలబడితే నీ మాట వాళ్లకెవరు సెప్తారు?" అని తిట్టుకుంటూ అతనూ లోపలికొచ్చాడు.

కాగితాలు చూసేది ఒక సూడాన్ పెద్దమనిషి. రాహేలమ్మ నిలబడే చెప్పింది. ఆగకుండా చెప్పింది. ఆ తేదీ తనది కాదు, చనిపోయిన అక్కది. తనకి నలభై ఎనిమిదేళ్లు. తెలిసి చేసింది కాదు, తెలిసినరోజు నుంచి నిద్ర లేదు. ఏ శిక్ష వేసినా సరే. వలీ చెమటలు తుడుచుకుంటూ అరబ్బీలో చెప్పాడు.

పెద్దమనిషి అంతా విన్నాడు. కళ్లజోడు తీశాడు. ఇప్పుడు పోలీసులకి ఫోను చేస్తాడని రాహేలమ్మ కళ్లు మూసుకుంది.

గట్టిగా నవ్వు వినబడింది.

"పదకొండేళ్లుగా ఈ కుర్చీలో ఉన్నాను తల్లీ" అన్నాడు ఆయన. "అరవై నిండిన ప్రతివాళ్లూ వచ్చి నాకు అరవై లేవంటారు. ఒకడికి మునసబు తప్పు రాశాడు, ఒకడికి ఏజెంటు తప్పు రాశాడు. పోయిన నెల ఒక డ్రైవరు వచ్చి, అసలు నేను నేను కాదు, మా తమ్ముణ్ణి అన్నాడు! నీ అక్క కథ అన్నిటికంటే బాగుంది. ఏదైనా కాగితం ఉందా?"

"లేదండీ. ఉప్పెనలో చర్చే పోయింది, నేను పుట్టేసరికి పేరు రాయడానికి రిజిస్టరు కూడా లేదు."

"మరి నేనేం చెయ్యను? నా దగ్గరున్న కాగితం నిన్ను అరవై అంటోంది. కాగితం లేని మాట నాకు వినబడదు."

జైలుకైనా పోదామని వచ్చిన మనిషి ఆమె. తన మాట శిక్ష వెయ్యడానికి కూడా పనికిరాదని ఆమె అనుకోలేదు. దారంతా తిట్టిన వలీ కూడా నేల చూపులు చూశాడు.

పెద్దమనిషి మెడికల్ ఫారం తిరగేశాడు. మారిసెల్ రాసిన లైన్ల మీద ఆయన చూపు ఆగలేదు. కింద పచ్చముద్ర దగ్గర ఆగింది.

"మాషా అల్లా, ఇంత ఆరోగ్యం పెట్టుకుని ఈ ఏడుపెందుకు? రెండేళ్లు పొడిగిస్తున్నాను. ఇక్కడ వేలిముద్ర వెయ్యి." ఒక కాగితం, సిరా పెట్టె ముందుకు తోశాడు.

"ఏం రాసుందండీ అందులో?" అని రాహేలమ్మ వలీని అడిగింది.

వలీ వంగి చదివాడు. గొంతు తగ్గించి చెప్పాడు. "రాహేలు అనే నేను పంతొమ్మిది వందల అరవై ఆరు జనవరి ఆరున పుట్టిన మాట నిజమని... ఇదంతా నువ్వు ఒప్పుకున్నట్టు."

ఇన్నాళ్లూ తెలియక మోసింది. ఇక మీదట తెలిసి మొయ్యాలి. వెయ్యకపోతే పదిహేనో తారీకు విమానం. రెండో ఏడాది నర్సింగు పుస్తకాలు సంచిలో పెట్టుకుని షారోన్ బస్సెక్కుతున్న ఫోటో ఆమె ఫోనులో ఉంది. అది చూడకుండానే కనబడింది.

రాహేలమ్మ బొటనవేలు సిరాలో అద్దింది. కాగితం దాకా తెచ్చి ఆపింది. పెదాలు కదిలాయి.

"ఏందమ్మా అది, ప్రార్థనా?" అన్నాడు వలీ.

"కాదు వలీ గారూ. మా అక్కని అడుగుతున్నా. ఇంకో రెండేళ్లు నాకిస్తావా అని."

వలీ కాస్త ఆగి, నిజంగానే అడిగాడు. "ఏమంటా ఉండాది?"

"ఏమంటుందండీ" అంది రాహేలమ్మ, వేలు కాగితం మీద ఆనిస్తూ. "పదకొండేళ్ల పిల్ల."

మాబున్నీ
యాభై ఏడేళ్లు
ఇప్పుడు ఉండేది రాయచోటిలో, మా అక్క కొడుకు ఇంట్లో